ఆన్‌లైన్ ఆటల సర్వర్లపై సేవా నిరాకరణ దాడులు: దాడికర్తల స్వరూప పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆన్‌లైన్ ఆటలను నడిపే సర్వర్లను పనిచేయనీయకుండా అడ్డుకునే చర్యలను సేవా నిరాకరణ దాడులు అంటారు. ఈ దాడుల సాంకేతిక స్వభావాన్ని, వాటికి పాల్పడినవారి నేపథ్యాన్ని, ఉద్దేశాలను న్యాయస్థానాల ముందుకు వచ్చిన ఉదంతాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. బయటపడిన ఉదంతాలలో దాడికర్తలు ఎక్కువగా ఆటల లోకంలోనే పెరిగిన యువకులనీ, వారిలో పలువురు కౌమార వయస్కులనీ, దాడి అంగట్లో దొరికే చవక సరుకుగా మారడమే సమస్య విస్తృతికి ముఖ్య కారణమనీ ఇందులో నిరూపించే ప్రయత్నం జరిగింది. నివారణ చర్యలలో ఏవి ఎంతవరకు ఫలించాయో, భారతీయ చట్టం ఈ చర్యను ఎలా పరిగణిస్తుందో కూడా చర్చించడమైంది.

కీలక పదాలు: సేవా నిరాకరణ దాడి, డీడాస్, బాట్‌నెట్, బూటర్, మిరాయ్, మైన్‌క్రాఫ్ట్, సైబర్ నేరం, కౌమార నేరస్థులు.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 21న ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, పేపాల్ వంటి ప్రసిద్ధ వెబ్‌సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందకుండా పోయాయి. వెబ్‌సైట్ పేరు అడిగితే దాని సంఖ్యా చిరునామాను చెప్పే ‘డైన్’ అనే సంస్థ వ్యవస్థపై జరిగిన దాడి ఇందుకు కారణం. ఇంత పెద్ద దాడి వెనుక ఏదో ఒక దేశ ప్రభుత్వ హస్తం ఉండవచ్చునని ఆనాడు ఊహాగానాలు సాగాయి. నాలుగేళ్ల తరువాత, 2020 డిసెంబరులో, నేరం జరిగిన నాటికి మైనరుగా ఉన్న ఒక వ్యక్తి ఆ దాడికి సంబంధించి నేరాన్ని అంగీకరించినట్లు అమెరికా న్యాయశాఖ ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం దాడికర్తలు గురిపెట్టినది సోనీ సంస్థకు చెందిన ప్లేస్టేషన్ ఆటల నెట్‌వర్క్‌ను. మిగిలిన వెబ్‌సైట్లన్నీ ఆ దెబ్బకు అడ్డువచ్చి దెబ్బతిన్నవి.

ఆటల సర్వర్ల మీద జరిగే దాడులను పిల్లచేష్టలుగా తీసిపారేయడం, పెద్ద దాడులను మహా మేధావుల కుట్రలుగా ఊహించడం అనే రెండు అలవాట్లనూ ఈ ఉదంతం ప్రశ్నిస్తుంది. పిల్లచేష్ట అనుకున్నదే ఒక ఖండంలోని అంతర్జాల సేవలను స్తంభింపజేసింది. మహా కుట్ర అనుకున్నది ఆటను ఆపాలన్న కోరిక నుండి పుట్టింది. కాబట్టి ఈ దాడులను ఎవరు చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అన్న ప్రశ్న కంప్యూటర్ శాస్త్రానికి మాత్రమే పరిమితమైనది కాదు. న్యాయశాస్త్ర, సమాజశాస్త్ర, విద్యారంగ పరిశోధకులకు కూడా అది సంబంధించినదే.

2. సేవా నిరాకరణ దాడి – స్వరూపం

సేవా నిరాకరణ దాడిలో దాడికర్త సర్వర్‌లోకి చొరబడడు, సమాచారాన్ని దొంగిలించడు. సేవ పొందవలసినవారికి అది అందకుండా చేస్తాడు. సినిమాహాలు టికెట్ల కిటికీ ముందు కొనే ఉద్దేశం లేనివారు వందలమంది వరుస కట్టి, తమ వంతు రాగానే ఏదో ఒకటి అడిగి మళ్లీ వెనక్కి వెళ్లి నిలబడితే, నిజంగా సినిమా చూడవచ్చినవారికి టికెట్ దొరకదు. కిటికీ తెరిచే ఉంటుంది, లోపలి ఉద్యోగి పనిచేస్తూనే ఉంటాడు, అయినా పని జరగదు. సర్వర్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. అనేక యంత్రాల నుండి ఒకేసారి సాగే దాడిని విస్తృత సేవా నిరాకరణ దాడి అంటారు. దీనికే వాడుకలో ‘డీడాస్’ అని పేరు.

ఈ దాడులకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది బాట్‌నెట్. యజమానులకు తెలియకుండా వశపరచుకున్న కంప్యూటర్లను, రౌటర్లను, కెమెరాలను ఒక దండుగా కూర్చి, ఒకే ఆజ్ఞతో లక్ష్యం మీదికి సమాచార ప్యాకెట్లను వదలడం దీని పద్ధతి. రెండవది ప్రతిఫలన దాడి. ఒకరి చిరునామాను పంపినవారి చిరునామాగా రాసి, వందలాది ప్రచురణ సంస్థలకు ‘మీ పుస్తకాల జాబితా పంపండి’ అని కార్డులు వేస్తే, ఆ జాబితాల కట్టలన్నీ అడగని ఆ మనిషి ఇంటికి చేరతాయి. అంతర్జాలంలో కొన్ని సర్వర్లు ఇలాగే చిన్న ప్రశ్నకు పెద్ద జవాబు ఇస్తాయి, అడిగినవాడు నిజంగా ఎవరో పరీక్షించవు. గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ సర్వర్లలోని ఒక పాత ఆదేశం ద్వారా ప్రశ్న పరిమాణానికి 556 రెట్ల వరకు జవాబు రాబట్టే వీలుందని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా హెచ్చరికలు నమోదు చేశాయి. 2013 చివరలో, 2014 ఆరంభంలో ఆటల సంస్థల మీద జరిగిన దాడులలో ఈ పద్ధతి విరివిగా కనిపించింది.

3. ఆటల సర్వర్లే లక్ష్యం కావడానికి కారణాలు

మొదటి కారణం కాలం. ఒక వార్తాపత్రిక వెబ్‌సైట్ రెండు క్షణాలు ఆలస్యంగా తెరుచుకున్నా పాఠకుడు ఓపిక పడతాడు. ఆటలో అది కుదరదు. ‘కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్’ అధికారిక సర్వర్లు ఆట స్థితిని సెకనుకు 64 సార్లు సరిచూసేవి; అంటే ఒక్కో సవరణకు దాదాపు 16 మిల్లీసెకన్ల వ్యవధి. సర్వర్‌ను పూర్తిగా కూల్చనవసరం లేదు, కొద్దిగా తడబడేలా చేసినా ఆట చెడిపోతుంది. అందువల్ల చిన్న దాడి కూడా పెద్ద ఫలితాన్ని ఇస్తుంది.

రెండవ కారణం సమాచార ప్రసార విధానం. వేగం కోసం చాలా ఆటలు యూడీపీ అనే పద్ధతిని వాడతాయి. ఇందులో ఇరుపక్షాలు ముందుగా పరస్పరం ధ్రువీకరించుకునే ఏర్పాటు లేదు. వచ్చిన ప్యాకెట్ నిజమైన ఆటగాడిదా, దాడికర్తదా అని తేల్చడానికి సమయం పడుతుంది. ఆ సమయమే ఆటలో కరువు.

మూడవది చిరునామా బహిరంగత. మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలలో ఎవరైనా సొంత సర్వర్ నడపవచ్చు. ఆటగాళ్లు రావాలంటే దాని చిరునామా అందరికీ తెలియాలి. ఆటగాళ్ల యంత్రాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆటలలో ఎదుటి వ్యక్తి ఇంటి కనెక్షన్ చిరునామా కూడా బయటపడేది. ప్రత్యర్థి కనెక్షన్‌ను తెంపి ఆట నుండి గెంటివేయడాన్ని ఆటగాళ్లు ‘బూట్’ చేయడం అన్నారు. దాడిని అద్దెకిచ్చే సేవలకు ‘బూటర్’ అన్న పేరు ఆ మాట నుండే వచ్చింది.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రయోజనం తక్షణమే చేతికందడం. బ్యాంకు సర్వర్‌ను ఆపినవాడికి వెంటనే ఒరిగేది ఏమీ ఉండకపోవచ్చు. ఓడిపోబోతున్న ఆటను ఆపినవాడికి ఓటమి తప్పుతుంది. కోపం, అవకాశం, సాధనం మూడూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో కలిసే స్థలం ఆట.

4. దాడికర్తలు – ఒక వర్గీకరణ

ఈ వర్గీకరణకు ఒక పరిమితి ఉంది. దొరికినవారి గురించి మాత్రమే న్యాయస్థాన పత్రాలు చెప్పగలవు. నైపుణ్యం గలవారు దొరకకుండా మిగిలిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, ఈ చిత్రం కౌమార వయస్కుల వైపు కొంత మొగ్గి ఉండవచ్చు. అయినప్పటికీ వేర్వేరు దేశాల ఉదంతాలలో ఒకే రకమైన మనుషులు మళ్లీమళ్లీ కనిపించడం గమనించదగినది.

4.1 ఓటమిని సహించలేని ఆటగాడు

2010లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ యూరప్ సర్వర్ల మీద రొమేనియాకు చెందిన ఒక ఆటగాడు దాడులు చేశాడు. ఆటలో తోటి ఆటగాళ్లతో వచ్చిన తగాదాలలో వారిపై పైచేయి సాధించడమే అతని ఉద్దేశం. అతనిని అమెరికాకు అప్పగించగా, 2018లో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ న్యాయస్థానం ఒక సంవత్సరం జైలుశిక్ష విధించింది. ఆటను నడిపే బ్లిజార్డ్ సంస్థకు అతడు చెల్లించిన నష్టపరిహారం దాదాపు 30,000 డాలర్లు. ఆటలోని ఊహాత్మక సంపద కోసం మొదలైన తగాదా ఎనిమిదేళ్ల తరువాత నిజమైన జైలులో ముగిసింది.

4.2 పేరు కోసం దాడి చేసేవారు

2013 డిసెంబరు, 2014 జనవరి నెలలలో సోనీ, మైక్రోసాఫ్ట్, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థల ఆటల సేవలు వరుసగా దెబ్బతిన్నాయి. ‘డెర్ప్‌ట్రోలింగ్’ అనే ట్విటర్ ఖాతా దాడులను ముందుగా ప్రకటించి, పూర్తయ్యాక సర్వర్లు పడిపోయిన చిత్రాలను ప్రదర్శించేది. ఇందుకు బాధ్యుడైన అమెరికా యూటా రాష్ట్ర యువకునికి 2019లో 27 నెలల జైలుశిక్ష, 95,000 డాలర్ల నష్టపరిహారం విధించారు. 2014 క్రిస్మస్ రోజున ‘లిజర్డ్ స్క్వాడ్’ అనే బృందం ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ సేవలను నిలిపివేసింది. పండుగకు కానుకగా ఆట యంత్రం అందుకున్న పిల్లలు దానిని తెరిచే రోజు అది. ఆ వెంటనే ఈ బృందం దాడులను అద్దెకిచ్చే సొంత సేవను ప్రారంభించింది. అంటే కీర్తి కోసం చేసిన పనిగా కనిపించినది వ్యాపార ప్రకటనగా కూడా పనిచేసింది.

4.3 పోటీ వ్యాపారులు, రక్షణ అమ్మేవారు

ఈ వర్గాన్ని అర్థం చేసుకోవడానికి మిరాయ్ బాట్‌నెట్ ఉదంతం అత్యంత ఉపయుక్తం. ప్రజాదరణ పొందిన మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఆటగాళ్ల చందాలు, ప్రత్యేక హక్కుల అమ్మకాల ద్వారా యజమానికి మంచి రాబడి తెస్తుంది. ఒక సర్వర్ తరచుగా ఆగిపోతే ఆటగాళ్లు మరొక సర్వర్‌కు వెళ్లిపోతారు. కాబట్టి ఎదుటివాడి సర్వర్‌ను పడగొట్టడం తన దుకాణానికి గిరాకీ తెచ్చుకునే మార్గమైంది. దాడుల భయం పెరిగేకొద్దీ దాడుల నుండి కాపాడే సేవలకు కూడా విపణి ఏర్పడింది.

పారస్ ఝా, జోసయా వైట్, డాల్టన్ నార్మన్ అనే ముగ్గురు అమెరికన్ యువకులు 2016లో మిరాయ్‌ను సృష్టించారు. వారిలో ఝా, వైట్ అప్పటికే డీడాస్ దాడుల నుండి రక్షణ కల్పించే సంస్థను స్థాపించి ఉన్నారు. కాపాడతామని ముందుకు వచ్చినవారే దాడికి సాధనాన్ని తయారుచేయడం కంచే చేను మేసిన సామెతకు సరిగ్గా సరిపోతుంది.

మిరాయ్ నిర్మాణంలో అసాధారణ విద్య ఏమీ లేదు. ఇళ్లలోని కెమెరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్లు తయారీదారు పెట్టిన సంకేతపదాలతోనే నడుస్తూ ఉంటాయి. అటువంటి సంకేతపదాలను అరవైకి పైగా జాబితాగా కూర్చి, అంతర్జాలమంతా వెతుకుతూ ఒక్కొక్క పరికరం మీద ప్రయోగించడమే దాని పద్ధతి. ఒక దశలో దాదాపు 6 లక్షల పరికరాలు దాని వశమైనట్లు 2017లో వెలువడిన విస్తృత అధ్యయనం తేల్చింది. 2016 సెప్టెంబరులో సైబర్ నేరాలను పరిశోధించే ఒక పాత్రికేయుని వెబ్‌సైట్‌పై సెకనుకు 620 గిగాబిట్ల స్థాయి దాడి జరిగింది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్లకు ఆశ్రయమిచ్చే ఫ్రెంచ్ సంస్థ ఓవీహెచ్ కూడా ఆ నెలలోనే దెబ్బతింది.

ఆ నెలాఖరున సృష్టికర్తలు మిరాయ్ మూల సంకేతాన్ని బహిరంగంగా విడుదల చేశారు. దానితో ఆయుధం ఎవరి చేతికైనా అందింది. పైన పేర్కొన్న డైన్ దాడి ఇలా పుట్టిన మిరాయ్ రూపాంతరాల పనే. ఝా తాను చదువుతున్న రట్గర్స్ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌పై కూడా 2014 నవంబరు నుండి 2016 సెప్టెంబరు వరకు పదేపదే దాడులు చేసినట్లు అంగీకరించాడు. విద్యార్థులు, అధ్యాపకులు అభ్యాసాలు ఇచ్చిపుచ్చుకునే ద్వారం ఆ దాడులతో మూతపడుతూ వచ్చింది. ఆటల సర్వర్ల మీద అలవడిన చేయి విద్యాసంస్థ మీదికి మళ్లడానికి ఎంతో దూరం లేదని ఇది తెలుపుతున్నది.

4.4 దాడిని సేవగా అమ్మేవారు, కొనేవారు

ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌కు చెందిన ఒక విద్యార్థి పదహారేళ్ల ప్రాయంలో ‘టైటానియం స్ట్రెసర్’ అనే ఉపకరణాన్ని తయారుచేశాడు. దాని ద్వారా 17 లక్షలకు పైగా దాడులు జరిగాయి. దానికి నమోదైన వాడుకదారులు లక్షకు మించి ఉన్నారు. ‘రూన్‌స్కేప్’ ఆట ఒక్కటే 25,000 సార్లు దాడికి గురైందనీ, దానిని నడిపే జాగెక్స్ సంస్థ రక్షణ కోసం 60 లక్షల పౌండ్లు వెచ్చించిందనీ విచారణలో వెల్లడైంది. 2017లో అతనికి రెండేళ్ల నిర్బంధం విధించారు.

అమ్మేవాడు ఒకడు, కొనేవారు లక్షలమంది అన్నదే ఇక్కడి కీలకాంశం. 2018 ఏప్రిల్‌లో యూరోపోల్ సహకారంతో వివిధ దేశాల పోలీసులు మూసివేసిన ‘వెబ్‌స్ట్రెసర్’కు 1,36,000 మంది నమోదిత వాడుకదారులు ఉన్నారు, దాని ద్వారా 40 లక్షల దాడులు జరిగాయి. నెలకు 15 యూరోలతో చందా మొదలయ్యేది. ఈ సేవలు తమను ‘స్ట్రెసర్’ అని, అంటే సర్వర్ సామర్థ్యాన్ని పరీక్షించే సాధనమని, చెప్పుకుంటాయి. అయితే పరీక్షింపబడే సర్వర్ కొనుగోలుదారునిదేనా అని అడిగే ఏర్పాటు వాటిలో ఉండదు. కొనేవానికి సాంకేతిక జ్ఞానం అక్కరలేదు. చిరునామా రాసి మీట నొక్కితే చాలు. లిజర్డ్ స్క్వాడ్ సేవను వాడినందుకు 2015 ఆగస్టులో బ్రిటన్‌లో అరెస్టయిన ఆరుగురి వయస్సు 15 నుండి 18 సంవత్సరాల మధ్య ఉంది.

5. నష్టం భరించేది ఎవరు?

పెద్ద సంస్థలు రక్షణ ఖర్చును భరించగలవు. కొద్దిమంది మిత్రులు నడిపే చిన్న సర్వర్ భరించలేదు. దాడుల బెడదకు ఇటువంటి సర్వర్లు మూతపడినా, లేదా పెద్ద రక్షణ సంస్థల నీడలో చేరినా, ఆటల లోకం కొద్ది సంస్థల గుప్పిట్లోకి పోతుంది.

దాడి తాలూకు ప్రవాహం ఆట సర్వర్ వరకు వెళ్లి ఆగదు, దారిలోని నెట్‌వర్క్‌లన్నింటినీ ముంచుతుంది. 2022 జనవరిలో స్పానిష్ భాషా స్ట్రీమర్లు పాల్గొన్న ఒక మైన్‌క్రాఫ్ట్ పోటీ సమయంలో అండోరా దేశంలోని ఏకైక అంతర్జాల సేవాసంస్థపై దాడి జరిగింది. ఆ దేశం నుండి ఆడుతున్నవారు పోటీ నుండి తప్పుకోవలసి వచ్చింది, వారితోపాటు దేశంలోని సాధారణ ప్రజల కనెక్షన్లకూ అంతరాయం కలిగింది. 2024 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ప్రముఖ ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ పోటీలు దాడుల వల్ల పదేపదే ఆగిపోగా, నిర్వాహకులు కొంతకాలం ప్రత్యక్ష ప్రసారాన్ని మాని, ముందుగా చిత్రీకరించిన ఆటలను ప్రసారం చేయవలసి వచ్చింది.

6. నివారణ చర్యలు – ఫలితాలు

సాంకేతిక రక్షణలు అవసరమైనవే. అనేక నగరాలలోని కేంద్రాలలో ప్రవాహాన్ని పంచుకొని వడపోయడం, ఆటగాళ్ల ఐపీ చిరునామాలు ఒకరికొకరికి కనబడకుండా మధ్యవర్తి సర్వర్లను నిలపడం, దొంగ చిరునామాతో బయలుదేరే ప్యాకెట్లను సేవాసంస్థలు మొదటి మెట్టులోనే ఆపడం వీటిలో ముఖ్యమైనవి. చివరి చర్యలో ఒక చిక్కు ఉంది: ఖర్చు పెట్టేది ఒక సంస్థ, లాభపడేది మరొకరు. అందుకే అది ఇంకా సంపూర్ణంగా అమలు కాలేదు.

సామాజిక చర్యల ఫలితాలను కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో కొలిచి చూశారు. ఒకరికి పడిన శిక్ష వార్తకెక్కినప్పుడు దాడులు తగ్గినా ఆ తగ్గుదల ఎక్కువ కాలం నిలవలేదు. 2018 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 15 బూటర్ వెబ్‌సైట్లను స్వాధీనం చేసుకున్నప్పుడు విపణి కొన్ని వారాలపాటు కుంగి, తిరిగి కోలుకుంది. వీటికి భిన్నంగా, బ్రిటన్ జాతీయ నేర సంస్థ 2017 డిసెంబరు నుండి 2018 జూన్ వరకు ఒక చిన్న ప్రయోగం చేసింది. బూటర్ సేవల కోసం గూగుల్‌లో వెతికే యువకులకు ‘ఇది నేరం’ అని తెలిపే ప్రకటనలు కనిపించేలా ఏర్పాటు చేసింది. ఆ కాలంలో అమెరికా లక్ష్యాలపై దాడులు పెరుగుతూ పోగా, బ్రిటన్ లక్ష్యాలపై పెరుగుదల నిలిచిపోయింది.

ఈ ఫలితం ఆలోచింపజేస్తుంది. చేస్తున్నది నేరమని తెలియనివారు, లేదా తెలిసినా దానిని ఆటలో భాగంగా భావించేవారు కొనుగోలుదారులలో గణనీయంగా ఉన్నారని దీనినిబట్టి ఊహించవచ్చు. వారికి సరైన క్షణంలో చెప్పిన ఒక్క మాట, తరువాత పడే శిక్ష కంటే ఎక్కువ పనిచేసింది.

మిరాయ్ సృష్టికర్తల శిక్ష కూడా ఈ సందర్భంలో పరిశీలించదగినది. 2018 సెప్టెంబరులో అలాస్కా ఫెడరల్ న్యాయస్థానం వారిని జైలుకు పంపలేదు. ఐదేళ్ల పర్యవేక్షణ, 2,500 గంటల సమాజసేవ, 1,27,000 డాలర్ల నష్టపరిహారం విధించింది. దర్యాప్తు సంస్థలకు వారు అందించిన విస్తృత సహకారం ఇందుకు కారణం. అయితే విశ్వవిద్యాలయంపై దాడుల కేసులో ఝాకు మరొక న్యాయస్థానం ఆరునెలల గృహనిర్బంధంతోపాటు 86 లక్షల డాలర్ల పరిహారాన్ని విధించింది. నైపుణ్యాన్ని సమాజానికి మళ్లించడం, జరిగిన నష్టానికి బాధ్యత వహింపజేయడం రెండూ ఒకే వ్యక్తి విషయంలో పక్కపక్కన కనిపిస్తాయి.

7. భారతీయ చట్టం – విద్యాసంస్థల పాత్ర

భారత సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 43వ సెక్షన్, అధికారం గల వ్యక్తికి కంప్యూటర్ అందకుండా చేయడాన్ని, అలా జరిగేందుకు కారకుడు కావడాన్ని స్పష్టంగా పేర్కొన్నది. దురుద్దేశంతో లేదా మోసపూరితంగా ఆ పని చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రేరేపించినవారికీ, సహకరించినవారికీ 84బీ సెక్షన్ వర్తిస్తుంది. భారతదేశంలోని కంప్యూటర్‌కు సంబంధించిన నేరమైతే, చేసినవాడు విదేశంలో ఉన్నా 75వ సెక్షన్ కింద చట్టం వర్తిస్తుంది. కాబట్టి విదేశీ బూటర్‌కు డబ్బు కట్టి తోటి విద్యార్థి ఆటను ఆపించినవాడు ‘నేను దాడి చేయలేదు, కొన్నాను’ అని తప్పించుకునే వీలు కనబడదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం డీడాస్ దాడులను గుర్తించిన 6 గంటలలోగా సంస్థలు తెలియజేయాలి. ఈ బాధ్యత విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ నిర్వాహకులు కూడా గుర్తెరగవలసినది.

పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో బాలల న్యాయచట్టం, 2015 సంస్కరణకు ప్రాధాన్యమిస్తుంది. కానీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరిన విద్యార్థి సాధారణంగా మొదటి సంవత్సరంలోనే ఆ వయస్సు దాటుతాడు. నిన్నటివరకు అల్లరిగా చెల్లిన పని ఆనాటి నుండి పూర్తి నేరం అవుతుంది. తెలుగు రాష్ట్రాల కళాశాలలలో నెట్‌వర్క్ భద్రతను బోధించే అధ్యాపకులు దాడి పద్ధతులను వివరించే తరగతిలోనే ఈ సెక్షన్లను కూడా వివరించడం సముచితం. అనుమతితో కూడిన భద్రతా పోటీలు, ప్రయోగశాలలు ఏర్పరచడం వల్ల ఆ ఆసక్తికి న్యాయమైన దారి దొరుకుతుంది.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• ఆటల సర్వర్ల మీద దాడులు బయటి శత్రువుల పనిగా కంటే ఆటల లోకంలోని ఆటగాళ్లు, సర్వర్ యజమానులు, రక్షణ వ్యాపారుల పనిగానే ఎక్కువ ఉదంతాలలో రుజువయ్యాయి.

• ఆటగాడు, కీర్తికాముకుడు, పోటీ వ్యాపారి, దాడుల విక్రేత అన్నవి వేర్వేరు మనుషుల పేర్లు కానక్కరలేదు. ఒకే యువకుడు కొద్ది సంవత్సరాలలో ఈ మెట్లన్నీ ఎక్కగలడు.

• దాడి చవక సేవగా అమ్ముడుపోవడం వల్ల నైపుణ్యం లేనివారు కూడా దాడికర్తలయ్యారు.

• ఆట కోసం తయారైన ఆయుధం ఆటతో ఆగదు. విశ్వవిద్యాలయాలు, పత్రికలు, ఒక్కొక్కప్పుడు దేశాల అంతర్జాల వ్యవస్థలు దాని బారిన పడ్డాయి.

• వెబ్‌సైట్ల మూసివేత తాత్కాలిక ఫలితాన్నే ఇచ్చింది. కొనబోయే క్షణంలో చేసిన హెచ్చరిక నిలకడైన ఫలితాన్ని చూపింది.

దాడికర్తలలో చాలామంది తరగతి గదికి బయటివారు కాదు, అందులో కూర్చున్నవారే. వారిని పోలీసులు కలుసుకోవడానికి ముందే అధ్యాపకులు కలుసుకుంటున్నారు. శిక్ష కంటే ముందు చేరవలసిన మాటను చేరవేసే అవకాశం, బాధ్యత విద్యారంగానికి ఉన్నాయి.